డాక్టరు చదువు: పేరా, ఖర్చా?

(వార్షిక సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా నీట్ ఫలితాలు రాగానే మా కమిటీ ముందుకు వచ్చే ప్రశ్న ఒకటే. "భాయీ, అప్పు చేసైనా పేరున్న కాలేజీలో చేర్పించమంటారా, వచ్చిన సీటుతో సరిపెట్టుకోమంటారా?"

ఒక తండ్రి సంగతి చెబుతాము. చిన్న బట్టల దుకాణం, సొంత ఇల్లు, ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి 2023లో మొదలైన అయిదు కొత్త ప్రభుత్వ కాలేజీలలో ఒకదానిలో కన్వీనరు సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 15 వేలు. బావమరిదిగారేమో, "ఆ కాలేజీ పేరు చెబితే రిష్తాలు వస్తాయా?" అని పట్టుబట్టి, పెద్ద ఊళ్ళో ఓ ప్రైవేటు కాలేజీ చూపించారు. అక్కడ ఏడాదికి 12 లక్షలు. కాగితం మీద లెక్క వేశాము. నాలుగున్నర ఏండ్లకు 54 లక్షలు, హాస్టలు వేరే. ఇల్లు కుదువ పెట్టాలి, పైగా వడ్డీ. వడ్డీ సంగతి మన దీన్‌లో ఏమిటో ఈ సభలో చెప్పనక్కర లేదు. వెనక ఇద్దరు తమ్ముళ్ళ చదువు మాటేమిటి?

పేరు వట్టిదని మేము అనడం లేదు. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923 నాటిది, గుంటూరుది 1946, కర్నూలుది 1957. ఆసుపత్రి నిండా రోగులు, తరాల తరబడి పాఠం చెప్పిన ప్రొఫెసర్లు, వీటివల్ల వచ్చిన పేరది. కాని చూడండి, ఇవన్నీ సర్కారు కాలేజీలే! లక్షలు పోసి కొనే పేరు చాలామటుకు అద్దాల భవనాలది. రాష్ట్రంలో అనుబంధ కాలేజీలన్నిటికీ పరీక్ష పెట్టేదీ, పట్టా ఇచ్చేదీ విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయమే. పి.జి. సీటుకు నీట్ ర్యాంకు అడుగుతారు గాని కాలేజీ పేరు అడగరు.

కొత్త కాలేజీలో అధ్యాపకుల కొరత ఉండవచ్చు. అందుకే చేరే ముందు ఓ ఉదయం ఆ ఆసుపత్రి ఓ.పి.లో గంటసేపు కూర్చుని రండి. మంచాలు ఖాళీగా ఉన్నాయా, నిండి ఉన్నాయా మీకే తెలుస్తుంది.

విదేశాలలో చవక అనేవారు, తిరిగి వచ్చాక రాయవలసిన పరీక్షనూ, 2021 నిబంధనల ప్రకారం ఇక్కడ చేయవలసిన ఏడాది ఇంటర్న్‌షిప్‌నూ లెక్కలో వేసుకోవాలి.

ఇంకో మాట. బి.సి.-ఇ కింద వచ్చేవారు, బి.సి.-బి లోని దూదేకుల సోదరులు సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండి. ఫలితాలు వచ్చాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే కౌన్సెలింగు మన కోసం ఆగదు.

ఆ అమ్మాయి సర్కారు కాలేజీలోనే చేరింది. దుకాణం నడుస్తున్నది, ఇల్లు నిలిచింది. బావమరిదిగారు మాత్రం ఇంకా అలిగే ఉన్నారు.