మైపాడు తీరాన మా దెయ్యం సినిమా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్ళుగా సిమెంటూ ఇనుమూ తప్ప వేరే లోకం ఎరగనివాణ్ణి. వంతెనల గురించి మాట్లాడదామని కాగితాలు కూడా రాసుకొచ్చాను. సంఘం కార్యదర్శి గారు మాత్రం, "వంతెనలు వాట్సాప్‌లో పంపించు, ఆ దెయ్యం సినిమా సంగతి చెప్పు" అన్నారు. సరే, అదే చెప్తాను.

1989 అక్టోబరులో 'శివ' వచ్చింది. ఆ సినిమా చూసి కాలేజీ కుర్రాళ్ళు సైకిల్ చైన్లు లాగారని అందరూ అంటారు గానీ, మాలాంటి వాళ్ళం కొందరం కెమెరా గురించి కొట్టుకున్నాం. అందులో స్టెడీకామ్ అనే పరికరం వాడారనీ, మనిషి పరుగెత్తినా బొమ్మ కదలదనీ ఎక్కడో చదివాం. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం వేసవి సెలవులకు అందరం నెల్లూరు చేరాం. అయిదుగురం, అందరం ఈ బడివాళ్ళమే. మూడు రోజులకు పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన దగ్గర వీహెచ్ఎస్ కెమెరా అద్దెకు తీసుకున్నాం. ఆయన పెట్టిన షరతు ఒకటే: తన దగ్గర పనిచేసే కుర్రాడు కెమెరాతోపాటే వస్తాడు, కెమెరా కుర్రాడి చెయ్యి దాటకూడదు. ఉప్పు గాలి, సన్న ఇసక. ఆయన భయం ఆయనది.

'జాస్' సినిమా కథ తర్వాతెప్పుడో చదివినప్పుడు ఆయనే గుర్తొచ్చాడు. 1975లో వచ్చిన ఆ సినిమాకు స్పీల్‌బర్గ్ చేయించిన యంత్రపు సొర ఉప్పునీళ్ళలో మొరాయించింది. చూపించడానికి సొర లేక నీళ్ళనే చూపించారు. జనం ఇంకా ఎక్కువ జడుసుకున్నారు.

మేం ఎంచుకున్నది మైపాడు నుంచి ఉత్తరంగా, ఇసకపల్లి వైపు పోయే తీరంలో ఒక పట్టపుపాలెం. వెనక బకింగ్‌హాం కాలువ, ముందు సముద్రం, మధ్యలో సరుగుడు తోపు. మా కథ ఏమిటంటే, తుఫానులో పోయిన ఒక జాలరి రాత్రిపూట నీళ్ళలోంచి నడిచొస్తాడు. తుఫాను అనేది మేం కల్పించింది కాదు. 'శివ' వచ్చిన మరుసటి నెల, నవంబరులో, థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన తుఫాను బంగాళాఖాతం మొత్తం దాటొచ్చి కావలి దగ్గర తీరం తాకింది. ఆ రాత్రి ఎవరి ఇంటి పైకప్పు ఏమైందో ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాకది ఆరు నెలల కిందటి సంగతి. ఆ పాలెంలో అది నిన్నటి సంగతి.

మొదటి రోజు పొద్దున్నే పాలెం పెద్దాయన ఒకరు వచ్చి తెప్ప మీద కూర్చుని, "ఏం కథ నాయనా?" అని అడిగారు. మా దర్శకుడు ఉత్సాహంగా మొత్తం చెప్పేశాడు. ఆయన చివరిదాకా విన్నారు. కోప్పడలేదు.

"సముద్రం మీద పోయినోళ్ళని దెయ్యాల్ని చెయ్యబాకండి నాయనా. వాళ్ళ బిడ్డలు ఈడనే పండుకుంటారు. రాత్రిపూట బయటికి రావొద్దా వాళ్ళు? దెయ్యమే కావాలంటే నెల్లూరు నించి తెచ్చుకోండి."

మాలో ఒకడు నవ్వాడు. మిగతావాళ్ళం నవ్వలేదు. కెమెరా అద్దె ఎక్కుతూనే ఉంది, చేతిలో కథ లేదు. వేరే తీరానికి పోదామని ఒకరు, ఆయనకు తెలియకుండా తీద్దామని ఒకరు. మధ్యాహ్నం దాకా సరుగుడు నీడలో తగువే. మా దర్శకుడు (ఇప్పుడు పెద్ద బ్యాంకు అధికారి, రెండో వరసలో తల దించుకుని కూర్చున్నాడు) లేచి మళ్ళీ ఆ పెద్దాయన దగ్గరికే పోయాడు. "తాతా, మరి మీకు దేనికి భయం?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నే మా సినిమా.

తుఫాను పోయిన తర్వాత కొన్ని వారాలపాటు, తిరిగిరానివాళ్ళ కోసం రాత్రుళ్ళు ఇసక దిబ్బ మీద లాంతరు పెట్టేవాళ్ళమని ఆయన చెప్పారు. "పెట్టడానికి భయం ల్యా. ఇంక పెట్టొద్దులే అని ఎవురు ముందు అంటారా అనే భయం" అన్నారు. ఆ మాట అలాగే కెమెరా ముందు చెప్పమన్నాం. చెప్పారు. లాంతరు కూడా తనే పట్టుకుంటానన్నారు. వేరేవాళ్ళు పట్టుకుంటే సరిగా పట్టుకోరట.

అలా కథ మారింది. సెలవులకొచ్చిన ముగ్గురు కుర్రాళ్ళకు రాత్రి తోపులో కదిలే వెలుతురు కనబడుతుంది. ఒకడు దాని వెంట పోయి కనబడకుండా పోతాడు. మిగతా ఇద్దరూ వెతుక్కుంటూ పోయేసరికి దిబ్బ మీద వెలుతురు ఆగి ఉంటుంది. మనిషి వెనక్కి తిరుగుతాడు. పక్కనే మావాడు కూర్చుని ఉంటాడు, ఆయనతోపాటు సముద్రం కేసి చూస్తూ. అంతే, 14 నిమిషాలు.

ఇక పనితనం సంగతి. ఇంజనీర్ని కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఆ కాలపు వీహెచ్ఎస్ కెమెరాకు చీకట్లో చీమలు పాకినట్టు చుక్కలు తప్ప ఏమీ కనబడదు. పెళ్ళివాళ్ళ హాలోజన్ దీపానికి అక్కడ కరెంటు లేదు. కాబట్టి రాత్రిని పగలే తయారుచేయాలి. కెమెరాకు తెల్ల కాగితం చూపించి 'ఇది తెలుపు' అని నేర్పుతారు కదా. కుర్రాడు పసుపు గుడ్డ చూపించి అదే తెలుపని నమ్మించాడు. పసుపును తెలుపు చేయాలని కెమెరా అన్నిటికీ నీలం కలుపుతుంది. ఆకాశం పడకుండా, వెలుతురు తగ్గించి తీస్తే వెన్నెల రాత్రి! ఆ కుర్రాడు ఎనిమిదో తరగతి తప్పినవాడు. వర్ణ సిద్ధాంతం నాకు కాలేజీలో చెప్పినవాళ్ళకంటే బాగా చెప్పాడని ఈ సభలో ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. లాంతరు కనబడాల్సిన ముక్కలు మాత్రం పొద్దు కుంకాక దొరికే పావుగంట, ఇరవై నిమిషాల్లో తీశాం. మనది తూర్పు తీరం, పొద్దు వీపు వెనక కుంకుతుంది, సముద్రమే ముందు నల్లబడుతుంది. అది మాకు కలిసొచ్చింది.

స్టెడీకామ్ లేదు. ఇసకలో చక్రాలు దిగబడతాయి. నులక మంచం తెచ్చి, దాని మీద కుర్రాణ్ణి కెమెరాతో కూర్చోబెట్టి, నలుగురం నాలుగు కోళ్ళు భుజాన పెట్టుకుని తోపులో పరుగెత్తాం. దూరం నించి చూసిన ఆడవాళ్ళు ఎవరో పోయారనుకుని ఏడుపు మొదలుపెట్టారు. అమెరికాలో శామ్ రైమీ, అతని స్నేహితులు 1981 నాటి 'ఈవిల్ డెడ్'లో కెమెరాను చెక్క పలకకు బిగించి అడవిలో పరుగెత్తారని చాలా ఏళ్ళకు తెలిసింది. వాళ్ళకు మంచం తట్టలేదు.

సంగీతం కొనడానికి డబ్బుల్లేవు. మైకుకు సాక్సు తొడిగి సరుగుడు తోపులో గాలిని పట్టాం. మన ఫిజిక్స్ మేష్టారు చెప్పిందే: సన్నని పుల్లను దాటేటప్పుడు గాలి సుడులు తిరుగుతుంది, ఆ సుడులే పాడతాయి. పుల్ల మిల్లీమీటరు మందం, గాలి సెకనుకు 5 మీటర్లు అనుకుంటే సెకనుకు సుమారు వెయ్యి కంపనాలు. గాలి పెరిగితే స్వరం పైకి పోతుంది. తోపు మొత్తం ఒకేసారి స్వరం పెంచితే ఒళ్ళు జలదరిస్తుంది. అంతకంటే మంచి వయొలిన్ మాకెవరిస్తారు?

రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి, పాజ్ నొక్కుతూ ఎడిటింగ్ చేశాం. కాపీకి కాపీ తీసేసరికి మొహాలు కాస్త అలికినట్టయ్యాయి. బళ్ళు తెరిచాక హెడ్మాస్టరు గారు దయతలచి పదో తరగతి గదిలో టీవీ పెట్టించారు. పిల్లలు కేక పెట్టింది మేం అనుకున్నచోట కాదు, ఒక ఎండ్రకాయ మావాడి కాలి మీదుగా పాకినప్పుడు. దాన్ని మేం పిలవలేదు, అదే వచ్చింది. చివర్లో పెద్దాయన వెనక్కి తిరిగినప్పుడు ఎవరూ అరవలేదు. తెలుగు మేష్టారు మాత్రం లేచి, "దెయ్యం ఎక్కడరా?" అని అడిగి, మా జవాబు కోసం ఆగకుండా కళ్ళజోడు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత టేపు మా అటక మీదికి చేరింది. రెండేళ్ళ కిందట ఆ పెద్దాయన మనవడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కృష్ణపట్నం పోర్టులో పనిచేస్తున్నాడు. ఇంట్లో తాతది రేషన్ కార్డు ఫోటో ఒక్కటే ఉందనీ, మీరేదో సినిమా తీశారని నాయనమ్మ చెప్పేదనీ అన్నాడు. టేపు తీసి చూస్తే అంచుల్లో తెల్లగా బూజు. అలాంటి టేపును నేరుగా వీసీఆర్‌లో పెడితే టేపూ పోతుంది, యంత్రమూ పోతుంది. చెన్నైలో ఈ పని తెలిసినాయనకు ఇచ్చి తుడిపించి, కంప్యూటర్‌లోకి ఎక్కించాం. మధ్యలో నలభై సెకన్ల ముక్క పోయింది. అందులో నేను ఉన్నానట. సినిమాకు నష్టం లేదు.

మనవడు మా ఇంట్లోనే చూశాడు. తాత మాట్లాడే ముక్క వెనక్కి తిప్పి తిప్పి నాలుగైదు సార్లు విన్నాడు. "గొంతు మా నాయన గొంతే సార్" అన్నాడు. ఆ తోపు ఎక్కడ, దిబ్బ ఎక్కడ అని అడిగి, అప్పటి చెట్లు ఇప్పుడక్కడ లేవని తనే చెప్పాడు.

వాళ్ళ కుటుంబం ఈరోజు మన సభకు వచ్చింది. నాయనమ్మ కూడా వచ్చారు. భోజనాలయ్యాక మూడు గంటలకు అదే పదో తరగతి గదిలో సినిమా వేస్తున్నాం. పడమటి కిటికీలోంచి ఎండ పడుతుంది కాబట్టి తలా ఒక దుప్పటో శాలువానో ఇస్తే కట్టేస్తాం. ఇందాక సన్మానంలో కప్పినవి చాలానే ఉన్నాయి. ముందు బెంచీ మాత్రం ఆ కుటుంబానికి వదిలేయండి.