సాక్రమెంటో చట్టసభ ముందు వరసలో మన పిల్లలు
(ఒక మండల కేంద్రంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభకు వస్తుంటే దారిలో ఒక పెద్దమ్మ నన్ను నిలేసింది. "ఏం నాయనా, ఇయ్యాల మీటింగు అమెరికా గురించంట గదా. మన పేటకి మురుగు కాలవ లేదు, శ్మశానానికి దోవ లేదు, మనకెందుకు అమెరికా?" అంది. నిజమే. నేనొక్కటే అడిగాను. "నీ మనవడు యాడున్నాడు పెద్దమ్మా?" "శానోజో ఏదో అంటారే, ఆడ" అంది. ఇందాక చేతులెత్తమంటే ఈ చిన్న హాల్లోనే పదకొండు చేతులు లేచాయి. అదిగో, అందుకే అమెరికా.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. వీసా ఇచ్చేది, తీసేసేది వాషింగ్టన్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వం. అది రాష్ట్రాల చేతిలో లేదు. కానీ వీసా మీద దిగినవాడు ఏ షరతుల మీద కూలి చేస్తాడు, ఎవడు ఇల్లు అద్దెకిస్తాడు, ఎవడు పొమ్మంటాడు, కాలేజీలో ఎట్లా చూస్తారు, పోలీసు ఎట్లా మాట్లాడతాడు - వీటిలో చానా భాగం రాష్ట్ర చట్టం కిందికి వస్తుంది. మనోళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో కాలిఫోర్నియా ఒకటి. దాని రాజధాని సాక్రమెంటో. పై సభలో 40 మంది, కింది సభలో 80 మంది. గవర్నర్ అంటే మన రాజ్‌భవన్‌లో కూర్చునే గవర్నర్ లాంటోడు కాదు. ఓట్లతో గెలిచి పరిపాలన చేసేవాడు, మన ముఖ్యమంత్రి అనుకోండి.

ఇప్పుడు మన జిల్లా కథ చెప్తాను. ముసలాళ్ళకి తెలుసు, కుర్రాళ్ళకి తెలియదు. మైలవరం పక్కన వెల్వడం ఉంది. ఆ ఊరి నుంచి పోయి బర్కిలీ పట్నంలో వెయ్యికి పైగా అద్దె ఇళ్ళు సంపాదించినవాడు లకిరెడ్డి బాలిరెడ్డి. ఊళ్ళో పేద దళిత కుటుంబాల ఆడపిల్లలను దొంగ కాగితాలతో, వేరేవాళ్ళ కూతుళ్ళని చూపించి, అక్కడికి తెప్పించాడు. పనికీ వాడుకున్నాడు, ఒంటికీ వాడుకున్నాడు. 1999 నవంబర్ 24న అతని ఇళ్ళల్లో ఒకదాంట్లో హీటరు గొట్టం మూసుకుపోయి విషవాయువు నిండింది. 17 ఏళ్ళ పిల్ల చచ్చిపోయింది. ఆమె చెల్లెలికి 15.

ఆ పిల్ల పేరు నేను చెప్పను. తల్లిదండ్రులు పెట్టిన పేరు కూడా ఆ దొంగ పాస్‌పోర్టులో మిగల్లేదు.

ఈ సంగతి లోకానికి ఎట్లా తెలిసింది? కారులో పోతున్న ఒక స్థానికురాలు, ఎవరో మగాళ్ళు మనిషిని చుట్టి మోసుకొస్తుండటం, ఇంకో పిల్ల ఏడుస్తుండటం చూసింది. ఆవిడకి మన భాష తెలియదు, మన కులాలు తెలియవు. కారు ఆపి దిగింది, అడ్డం పడింది, పోలీసులకు ఫోను చెయ్యమని కేకలేసింది. తర్వాత బర్కిలీ హైస్కూలు పిల్లలు తమ బడి పత్రికలో ఈ ఆడపిల్లల వెట్టి గురించి రాశారు. బడి పిల్లలండీ! పెద్ద పేపర్లకన్నా ముందు వాళ్ళే రాశారు. ఆ గొడవలోనే అక్కడి దక్షిణాసియా ఆడవాళ్ళు, కుర్రాళ్ళు సంఘం కట్టుకుని కోర్టు ముందు నిలబడ్డారు. 2001లో బాలిరెడ్డి నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలు, బాధితులకు 20 లక్షల డాలర్లు కట్టమన్నారు. మైలవరంలో ఇంజనీరింగు కాలేజీ మీద మాత్రం ఆ పేరు అట్లాగే ఉండిపోయింది. మన పిల్లలు ఆ బోర్డు కిందనుంచే లోపలికి పోయి చదువుకున్నారు. సరే, ఆ మాట ఇంకోసారి.

అప్పటికి కాలిఫోర్నియాలో మనుషుల్ని ఇట్లా తెచ్చి అమ్ముకోవడానికి విడిగా రాష్ట్ర చట్టమే లేదు. 2005లో ఏబి 22 అనే చట్టం చేశారు. మనుషుల అక్రమ రవాణాను పెద్ద నేరం చేసి, బాధితులు తామే దావా వేసి నష్టపరిహారం తీసుకునే హక్కు ఇచ్చారు. వెల్వడం పిల్లల వల్లనే వచ్చిందని నేను కోతలు కొయ్యను. 1995లో ఎల్ మాంటే అనే చోట ముళ్ళకంచె లోపల కుట్టుమిషన్ల ముందు బందీలుగా ఉన్న 72 మంది థాయ్‌లాండు కూలీలను విడిపించారు, ఆ దెబ్బ కూడా ఉంది. కారంచేడు హత్యాకాండ 1985లో జరిగితే 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది గదా. చీరాల శిబిరంలో జనం నెలల తరబడి కూర్చోకపోతే ఆ చట్టం అప్పుడు వచ్చేదా? ఇదీ అట్లాంటిదే.

ఇంక దగ్గరి కథకు వద్దాం. 2020లో సిస్కో అనే కంపెనీ మీద ఆ రాష్ట్ర పౌరహక్కుల శాఖ దావా వేసింది. మన దేశం నుంచి పోయిన దళిత ఇంజనీరును మన దేశం నుంచే పోయిన పై కులపు అధికారులు అణిచారని అభియోగం. కంపెనీ కాదంది. 2023లో ఇద్దరు అధికారుల మీద కేసును ఆ శాఖే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద మాత్రం వదల్లేదు. ఆ దావాతో తేనెతుట్టె కదిలింది. 2022 జనవరిలో అప్పటికి 23 క్యాంపసులున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన నిబంధనల్లో కులం మాట చేర్చింది. అది విద్యార్థులు పట్టుబట్టి తెచ్చిన పని. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర సభ 6కి 1 ఓట్లతో కుల వివక్షను నిషేధించింది. ఆ తీర్మానం తెచ్చింది క్షమా సావంత్. ఆ మధ్యే కాలిఫోర్నియా పై సభలో ఆయిషా వహాబ్ అనే సభ్యురాలు ఎస్‌బి 403 అనే బిల్లు పెట్టింది. ఆమె అఫ్గాన్ కుటుంబం బిడ్డ. ఉద్యోగం, ఇల్లు, చదువు - వీటిలో కులం పేరున తక్కువ చెయ్యకూడదని ఆ బిల్లు.

ఇక్కడ కొంచెం నిదానంగా వినండి, ఎందుకంటే మన పని ఉన్నది ఇక్కడే. అక్కడ బిల్లు ముందు కమిటీకి పోతుంది. కమిటీ విచారణ తలుపులు తెరిచి జరుపుతుంది. ముఖ్యమైన సాక్షులు కొద్ది నిమిషాలు మాట్లాడతారు. ఆ తర్వాత ఎవరైనా సరే వరసలో నిలబడి, మైకు దగ్గర పేరు, ఊరు, బిల్లుకు అనుకూలమా వ్యతిరేకమా చెప్పి పోవచ్చు. ఓటుందా అని అడగరు. వీసా చూపించమనరు. ఎస్‌బి 403కి రెండు వైపులవాళ్ళూ బారులు తీరారు. మనోళ్ళలో కొందరు తమ కులం పేరు నలుగురిలో పలకడం అదే మొదలు. సెంట్రల్ వ్యాలీలో స్థిరపడిన పంజాబు రవిదాసీలు నిలబడ్డారు. వ్యతిరేకించినవాళ్ళు "ఇది హిందువులను దోషులుగా నిలబెట్టే చట్టం" అన్నారు. కులానికి బిల్లు ఇచ్చిన నిర్వచనంలో ఏ మతం పేరూ లేదు. పుట్టుకతో అంటగట్టే అంతస్తు అని మాత్రం ఉంది. ఆ మాట వినగానే తమ గురించే అనుకుంటే మనమేం చెయ్యగలం!

మే నెలలో పై సభలో 34కి 1తో గెలిచింది. ఆగస్టులో కింది సభలో 55కి 3. కానీ మధ్యలో ఒక సవరణ జరిగింది. కులాన్ని విడి పదంగా పెట్టకుండా, చట్టంలో అప్పటికే ఉన్న "వంశం" అనే మాటలో ఒక భాగంగా దింపారు. ఓట్లు రావాలంటే తప్పదన్నారు. నా మట్టుకు అక్కడే గట్టు తెగింది అనుకుంటాను. గవర్నర్ గవిన్ న్యూసమ్ దగ్గరికి పోయింది బిల్లు. దళిత కార్యకర్తలు సాక్రమెంటోలో నిరాహారదీక్ష చేశారు. 2023 అక్టోబర్ 7న ఆయన బిల్లు తిప్పి కొట్టాడు. ఏమన్నాడూ? వంశం, జాతి, మతం పేరున వివక్ష ఇప్పటికే నిషేధం, కుల వివక్ష కూడా అందులోకి వస్తుంది, మళ్ళీ చట్టం అవసరం లేదు అన్నాడు. రెండు సభల్లో మూడింట రెండొంతుల మంది కలిస్తే ఆ వీటోను కొట్టెయ్యొచ్చు. 40లో 34, 80లో 55 - లెక్క వేసుకోండి, సరిపోతుంది. అయినా ఎవరూ ఆ పనికి పూనుకోలేదు.

ఓడిపోయామని ఇంటికి రావాలా? గవర్నర్ రాసిన ఆ కాగితం తిరగేసి చదవండి. కుల వివక్ష ఇప్పటికే నిషేధమని రాష్ట్రాధినేత చేవ్రాలుతో ఒప్పుకున్నాడు. మరి అయితే ఆ పాత చట్టం కింద ఫిర్యాదులు పెట్టాలి. ఉద్యోగంలో జరిగిన దానికి మూడేళ్ళ లోపు పౌరహక్కుల శాఖకు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫీజు లేదు, వకీలు లేకపోయినా తీసుకుంటారు. పౌరుడే కానక్కర్లేదు. ఫ్రెస్నో అనే నగరం గవర్నర్ వీటోకి కొద్ది రోజుల ముందే తన నగర చట్టంలో కులం చేర్చుకుంది. రాష్ట్రం తలుపు వేస్తే నగర సభ తలుపు ఉంది, కాలేజీ తలుపు ఉంది. వాటిలో కూడా మైకు ముందు వరస ఉంటుంది.

మీ పిల్లలు ఫోనులో ఏమంటారో నాకు తెలుసు. "అమ్మా, ఇక్కడ మనం ఎవరమో తెలిస్తే రూములోంచి పొమ్మంటారు, మేనేజరు మనోడు కాదు, వీసా వాడి చేతిలో ఉంది." ఆ భయం ఉత్తది కాదు. పేరు చివర తోక మార్చుకున్నవాళ్ళను, శాకాహారులమని చెప్పుకుని బతుకుతున్నవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళను తప్పు పట్టను. అందరూ మైకు ముందుకే పోనక్కర్లేదు. సంఘం తరఫున ఉత్తరం పంపొచ్చు. తమ నియోజకవర్గం సభ్యుడి ఆఫీసుకు పోయి పది నిమిషాలు కూర్చోవచ్చు, అక్కడి గుమాస్తాలు నోటు రాసుకుంటారు. హక్కు అడిగిన కూలివాడిని "ఇమ్మిగ్రేషన్‌కి పట్టిస్తా" అని బెదిరించే యజమానికి శిక్ష వేసేట్టు 2013లోనే అక్కడ చట్టం చేశారు. ఈ సంగతి ఎంతమంది పిల్లలకు తెలుసు? ఎస్‌బి 403 అప్పుడు జరిగిన పొరపాటు ఏందంటే, సభల్లో గెలిచాక చాలామంది చేతులు దులుపుకున్నారు. గవర్నర్ బల్ల మీద ఉన్న ఆ ఆఖరి నెలలోనే అసలు ఒత్తిడి పెట్టాలి. ఎదుటివాళ్ళు పెట్టారు.

మనం ఇక్కడ కూర్చుని చెయ్యగలిగింది చిన్నదే గానీ ఉంది. పిల్లాడు ఫోను చేస్తే "జీతం ఎంత, ఇల్లు ఎప్పుడు కొంటావు" అని అడుగుతాం గదా. "మీ ఆఫీసులో, మీ రూములో కులం అడుగుతున్నారా" అని కూడా అడగండి. చెప్పింది తేదీతో సహా రాసి పెట్టుకోమనండి. కాగితం లేని బాధ అక్కడా చెల్లదు, మన తహసీల్దారాఫీసులో చెల్లనట్టే. పాస్‌పోర్టు, వీసా కాగితాల నకలు ఒకటి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండాలి. వెల్వడం తల్లుల దగ్గర ఆ కాగితం ముక్కే లేకపోయింది.

ఇప్పుడు అన్నాలకు లేద్దాం. తిన్నాక, పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ముందు బెంచీల్లోకి రండి. ఇంటి అడ్రసు పూర్తిగా ఉంటే వాళ్ళ సభ్యుడెవరో ఇక్కడే చూసి చీటీ రాసిస్తాం. చీటీ మీ దగ్గరే ఉంచుకోండి, మా పుస్తకంలో ఎవరి పేరూ ఎక్కదు. అడ్రసు రాయడం రాని అమ్మలు ఫోను తెచ్చివ్వండి, మా కుర్రాళ్ళు చూసి రాస్తారు. జై భీం.