మరుపు ఆమె తప్పు కాదు

(అనంతసాగరంలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు సంఘంలో ఏళ్ల తరబడి లెక్కలు రాసిన ఒకావిడ గురించి చెబుతాను. పేరు చెప్పను. ఆవిడకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమోథెరపీ అయ్యాయి. రిపోర్టులన్నీ బాగున్నాయి. కానీ ఎవరు డబ్బు కట్టారో, ఎవరు కట్టలేదో గుర్తుండటం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. తెలిసిన మాటే నోటికి రాదు. ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలన్నారు ఇంట్లోవాళ్లు. సంఘం పుస్తకం వేరేవాళ్ల చేతికిచ్చారు. రొమ్ము తీసేసినప్పుడు రాని ఏడుపు ఆ రోజు వచ్చిందట ఆవిడకి.

ఇది వట్టి భ్రమ కాదు. 2012లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు, సగటున 21 ఏళ్ల కిందట కీమో తీసుకున్న 196 మంది స్త్రీలను క్యాన్సర్ రాని 1509 మందితో పోల్చి చూశారు. మాటలు గుర్తుంచుకోవటంలోనూ, ఆలోచనా వేగంలోనూ వీళ్లు కొంత వెనకబడి ఉన్నారు. స్కానింగులో మెదడు పరిమాణం కూడా కొద్దిగా తక్కువగా కనిపించింది. అవి ఆనాటి మందులు, తేడా చిన్నదే. అందరికీ ఇలా జరగదు, చాలామంది క్రమంగా కోలుకుంటారు. కారణం కీమో ఒక్కటే కూడా కాదు. హార్మోన్లు తగ్గటం, రక్తహీనత, నిద్రలేమి, దిగులు అన్నీ కలుస్తాయి. కాబట్టి ఈ భయంతో ఎవరూ వైద్యం మానుకోవద్దు. ప్రాణం కాపాడేది ఆ వైద్యమే.

మరి మన డాక్టర్లు ఈ సంగతి ఎందుకు అడగరు? గడ్డ మళ్లీ వచ్చిందా అని చూస్తారు, కూర తగలబెడుతున్నావా అని అడగరు. ఇంటి చాకిరీని పనిగా లెక్కించని సమాజం, ఆ పనికి ఎంత తెలివి కావాలో కూడా లెక్కించదు. పిల్లల బడి, గొడ్ల మేత, అత్తగారి మందులు, అప్పు గడువు అన్నీ ఒక్క బుర్రలోనే ఉండాలి. అది కాస్త తడబడితే మతిమరుపుదని పేరు, మొగుడి కసురు.

బడికి పోని ఆడదాని జ్ఞాపకశక్తిని పరీక్షించటం కుదరదనే సాకు ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో మతిమరుపు జబ్బు మీద జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో చదువురానివాళ్లు కూడా ఉన్నారు. మనసుంటే మార్గం ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. క్యాన్సర్ వైద్యం తర్వాత వచ్చే ఈ ఇబ్బందికి అందులో విడిగా పేరు లేదు.

మనం అడగవలసినవి ఇవి. వైద్యానికి ముందే ఈ విషయం తెలుగులో చెప్పాలి. తర్వాత వెళ్లిన ప్రతిసారీ మతిమరుపు గురించి అడగాలి. రక్తం, థైరాయిడ్, నిద్ర, దిగులు పరీక్షించి, సరిచేయగలిగినవి సరిచేయాలి. రోజూ నడక, పనులు రాసిపెట్టుకోవటం, ఒకసారికి ఒకే పని కొంత మేలు చేస్తాయి. కానీ నడవటానికి తీరిక ఇంట్లోవాళ్లు పని పంచుకుంటేనే దొరుకుతుంది.

1991లో ఈ జిల్లా ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకున్నారు. దూబగుంటలో రాజుకున్న సారా పోరాటాన్ని 1992లో జిల్లా అంతటా నడిపారు. ఆ తర్వాత పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. ఆ పుస్తకం ఊరికే వచ్చింది కాదు. అందుకే నా మనవి ఒకటే. ఆవిడ పుస్తకం ఆవిడకి ఇవ్వండి. పక్కన ఇంకొకరు కూర్చుని లెక్క సరిచూడండి.