విశ్వవిద్యాలయమున మన ఊరి విద్యార్థి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో గ్రంథాలయమును గూర్చియే మాటలాడుట మర్యాద. కాని ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేసిన పనిని నాకంటె బాగుగా ఎరిగినవారు ఈ వేదికమీదనే ఉన్నారు. అందుచేత నేను ఇచ్చటి బల్లలమీద చదువుకొని పైచదువులకు పోయిన పిల్లల వెంట కొంతదూరము నడువదలచితిని. మన ఆర్మూరు ప్రాంతమునుండి విశ్వవిద్యాలయమున చేరిన విద్యార్థికి పాఠము చెప్పువారు గాక మరి ఎవరి ఆసరా కావలయును, అది ఎట్లు దొరకును, ఎందుచేత చేయిజారును అనునదే నా ప్రసంగ విషయము.

ఊరిలో ఒక పిల్లకు యం.ఏ.లోనో యం.యస్సీ.లోనో సీటు వచ్చినదని తెలిసిన దినమున మనమందరము సంతోషింతుము. దండ వేయుదుము, ఫోటో తీయుదుము. ఆ పిల్ల మొదటి సంవత్సరపు పరీక్షలకు కూర్చున్నదా లేదా అని తరువాత అడుగువారు తక్కువ. నేను కొన్ని సంవత్సరములు ఒక విశ్వవిద్యాలయ వసతిగృహమునకు వార్డెనుగా పనిచేసితిని. పాఠము తలకెక్కక చదువు మానుకొన్నవారు నాకు కొద్దిమందియే కనిపించిరి. మెస్సు బాకీ తీర్చలేక, ధ్రువపత్రమొకటి వేళకు అందక, ఎవ్వరితోను చెప్పుకొనలేని దిగులు పట్టుకొని పెట్టె సర్దుకొనిపోయినవారు చాలమంది. వీరు పండుగకని ఇంటికి పోవుదురు. మరల రారు. హాజరు పట్టికలో పేరు కొన్ని నెలలు అట్లే ఉండును. పిదప ఎర్రసిరాతో గీత పడును.

ఈ ఆసరా యను భావము మన గడ్డకు క్రొత్తది గాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. దేశభాష నొకదానిని బోధనభాషగా గైకొన్న ఖ్యాతి దానికి కలదు. అయినను ఆ భాష ఉర్దూ గాని తెలుగు గాదు. ఇందూరు పల్లెనుండి పోయిన బాలునకు నగరము క్రొత్త, భాష క్రొత్త, తిండి క్రొత్త. ఆ కాలముననే రాజా బహదూర్ వేంకటరామారెడ్డిగారి పూనికతో హైదరాబాదున రెడ్డి హాస్టలు నెలకొన్నది. 1926లో గోలకొండ పత్రికను ఆరంభించిన సురవరం ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని బాధ్యతలు వహించిరి. భోజనము, పడక, దీపము, చేతికందునంత దూరమున పుస్తకములు, అంతే. ఆ మాత్రముతోనే ఎందరో విద్యావంతులైరి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి గ్రంథాలయోద్యమమున పాటుపడిన పెద్దలు పిల్లల వసతిని గూర్చియు చింతించుట నాకు సహజముగనే తోచును. పుస్తకమునకు చదువరి కావలెను గదా, చదువరికి కడుపు నిండవలెను గదా!

అయితే ఒక మాట చెప్పక తప్పదు. కులముపేర వెలసిన హాస్టళ్లు దాతలున్న కులములకే ముందుగా దక్కినవి. దాతలు లేనివారికి ప్రభుత్వమే దాత కావలసివచ్చినది. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పైచదువుల ఉపకారవేతనములు దేశమున 1944లో గాని మొదలు కాలేదు.

1938లో ఉస్మానియా వసతిగృహములలో విద్యార్థులు వందేమాతరము పాడగా అధికారులు నిషేధించిరి. సమ్మె జరిగినది, పెక్కుమంది బహిష్కృతులైరి. వారిలో అనేకులను నాగపురము విశ్వవిద్యాలయము చేర్చుకొన్నది. పాములపర్తి వేంకట నరసింహారావుగారు అట్లు పోయినవారిలో నొకరు. తలుపు మూసిన విశ్వవిద్యాలయమును, తలుపు తెరచిన విశ్వవిద్యాలయమును ఆ విద్యార్థులు వెంటవెంటనే చూచిరి. ముప్పది సంవత్సరముల తరువాత, 1968లో, కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగున వెలువరించుటకు తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షులు ఆయనయే. పరభాషలో పాఠము వినిన విద్యార్థి కష్టము ఆయన పుస్తకములలో చదివి తెలిసికొన్నది గాదని నా తలంపు.

2006లో తెలంగాణ విశ్వవిద్యాలయము ఏర్పడి డిచ్‌పల్లిలో నెలకొన్న పిదప మనకు దూరభారము తగ్గినది. 44వ జాతీయ రహదారిపై ఆర్మూరునుండి నేరుగా పోవచ్చును. భిక్కనూరున దాని దక్షిణ ప్రాంగణమును, సారంగపూరున విద్యాకళాశాలయు కలవు. కూతురును హైదరాబాదు పంపుటకు జంకిన తల్లిదండ్రులు డిచ్‌పల్లికి పంపుచున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

కాని దగ్గరయగుటలో ఒక నష్టమును కలదు. ఇంటినుండి పోయివచ్చు విద్యార్థి బస్సువేళకు కట్టుబడియుండును. చివరి పాఠము సగములో నుండగనే అతని చూపు గడియారముమీదికి పోవును. విశ్వవిద్యాలయమున సగము చదువు తరగతులు ముగిసిన తరువాత మొదలగునని అతనికి తెలియనే తెలియదు. సాయంకాలము గ్రంథాలయమున పత్రికలు తిరుగవేయుట, పోటీపరీక్షలకు చదువు పెద్ద విద్యార్థుల ప్రక్కన ఊరక కూర్చుండుట, చెట్టుక్రింద టీ త్రాగుచు గొంతు పోవునట్లు వాదించుట, మెస్సు కమిటీలో చేరి కూరగాయల లెక్క చూచుట, బతుకమ్మనాడు ఆదిలాబాదు పిల్ల పాటను కామారెడ్డి పిల్ల నేర్చుకొనుట, ఇవన్నియు ఏ పాఠ్యప్రణాళికలోను ఉండవు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయములలో మొదలైన జాతీయ సేవాపథకము నేడును కలదు. దానిలో చేరి పల్లెలో పది దినములు పనిచేసిన విద్యార్థికి నలుగురియెదుట మాటలాడు ధైర్యము వచ్చుట నేను కన్నులార చూచితిని. అందుచేత బస్సు సౌకర్యమున్నను, గది దొరికినచో, మీ పిల్లలను ఒక్క సంవత్సరమైనను హాస్టలులో ఉండనిండని కోరుచున్నాను. ఇంటి అన్నము రుచియే, కాదనను.

ఇప్పుడు పైకము మాట. మన ప్రాంతమున చేతికి సొమ్ము పసుపుతో వచ్చును. వానలతో నాటిన దుంప ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో నుండవలెను. దానిని త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టి, కొమ్ము వేరు గోళ వేరు చేసి, నిజామాబాదు యార్డుకో సాంగ్లీకో చేర్చువరకు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిలు నెలలగును. విశ్వవిద్యాలయ ప్రవేశములో, వానకాలమున జరుగును. ఆ రోజులలో రైతుచేతిలో సొమ్ముండదు. విత్తనమునకు, ఎరువులకు, కూలికి తెచ్చిన అప్పుండును. ప్రవేశ రుసుము, హాస్టలు డిపాజిటు, మెస్సు అడ్వాన్సు, పుస్తకములు, పరుపు, బకెట్టు అన్నియు ఆ నెలలోనే కావలెను. పంట నిలువునా పచ్చగా నున్న ఇంటి పిల్లవాడు సైతము ఆ నెలలో బీదవాడే. 2025లో నిజామాబాదునకు జాతీయ పసుపు బోర్డు వచ్చినది. ధర సంగతి ఆ బోర్డు చూచుగాక. సెప్టెంబరు సంగతి మనమే చూచుకొనవలెను.

మెస్సు లెక్క తెలియని తల్లిదండ్రులకు రెండు మాటలు చెప్పెదను. నెలలో అయిన ఖర్చును భోజనము చేసినవారిమధ్య భాగించి పంచు పద్ధతి మన విశ్వవిద్యాలయ హాస్టళ్లలో చిరకాలముగా నున్నది. పప్పు ధర పెరిగిన నెలలో వంతు పెరుగును. నెలనెలకు బాకీ పేరుకొని పరీక్షలవేళ అడ్డుపడును. ఉపకారవేతనము వచ్చిన పిదప సరిపోవునని అందరును అందురు. వచ్చువరకు ఏమి చేయవలెను? 2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బోధనా రుసుముల చెల్లింపును విస్తృతపరచినందున వేలకుటుంబములు పిల్లలను పైచదువులకు పంపగలిగినవి, నిజము. ఆ సొమ్ము బకాయిపడి 2025 నవంబరులో తెలంగాణమున ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలుపుటయు నిజము. ప్రభుత్వమునకు కళాశాలకు నడుమ నున్న బాకీ చివరకు విద్యార్థి తలమీదనే వ్రాలును.

ఉపకారవేతనపు దరఖాస్తు చిన్నపనివలె కనిపించును. కులపత్రము, ఆదాయపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా, 75 శాతము హాజరు. వీనిలో ఏ యొక్కటి కుంటుపడినను బండి నిలిచిపోవును. ఒక పిల్ల సంగతి చెప్పెదను. ఊరు, పేరు చెప్పను. తల్లి బీడీలు చుట్టును, తండ్రి గల్ఫున కూలి. ఆదాయపత్రమునకు తండ్రి కాగితములు కావలసివచ్చినవి. అవి చేరుసరికి నెల గడచినది. పిదప ఉపకారవేతనము మంజూరైనది గాని, ఖాతాకు ఆధారు అనుసంధానము కానందున సొమ్ము జమ కాలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పినవారు లేరు. కార్యాలయపు కిటికీయొద్ద ఆమె మూడు మారులు నిలుచున్నది. మూడు మారులును రేపు రమ్మనిరి. మంజూరే కాలేదనుకొని, అప్పులలో నున్న ఇంటిని అడుగ మనసొప్పక, డిసెంబరులో పెట్టె సర్దుకొన్నది. కొలది దినములలో తీరవలసిన చిక్కునకు ఒక చదువు ఆగిపోయినది. ఆ పిల్ల తప్పేమియు లేదు. కిటికీలోని గుమాస్తాను సైతము నేను పూర్తిగా నిందింపను; కుప్పలుగా దరఖాస్తులు, ఇద్దరు గుమాస్తాలు. ఆ కిటికీకి ఇరువైపుల నున్నవారి నడుమ నిలిచి సంగతి విప్పిచెప్పు మనిషి లేకపోయెను.

ఆమె తల్లికి బీడీ కార్మికుల గుర్తింపు కార్డు కలదు. బీడీ కార్మికుల పిల్లల చదువునకు కేంద్ర కార్మికశాఖ ఇచ్చు ఉపకారవేతనమునకు ఆ కార్డే ఆధారమని ఆ ఇంటిలో ఎవ్వరికిని తెలియదు. ఒకే విద్యార్థికి రెండు వేతనములు కూడవను నిబంధన ఉండవచ్చును. ఏది కోరవలెనో నిర్ణయించుకొనుటకైనను రెండును ఉన్నవని తెలియవలెను గదా! మన పల్లెలలో బీడీ చాట లేని వాడలెన్ని? గల్ఫున మనిషి లేని ఇండ్లెన్ని?

మనసు దిగులును గూర్చి మన పెద్దలు మాటలాడుటకు సంకోచింతురు. తెలుగున పదునైదేండ్లు చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠములలో పడిన పిల్లవాడు, అర్థము కాలేదని అడిగినచో నవ్వుదురేమోయని వెనుక బల్లలో ముడుచుకొనును. కొన్నాళ్లకు తరగతికి పోవుట మానును, కొన్నాళ్లకు భోజనమునకును రాడు. ఇట్టివారికొరకు ఏర్పాట్లు లేకపోలేదు. ర్యాగింగును నిషేధించు శాసనము మన రాష్ట్రమున 1997లోనే వచ్చినది. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చినవి. 1800-180-5522 అను సంఖ్యకు ఎప్పుడైనను ఫిర్యాదు చేయవచ్చును. 2022లో మొదలైన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యపై మాటలాడవచ్చును, రుసుము లేదు, తెలుగున మాటలాడుదురు. నూరుగురు లేక అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల సలహాదారు నొకరిని నియమింపవలెనని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పినది. ఆ కుర్చీ ఎక్కడ, అందులో కూర్చున్నవారెవరు అని ప్రవేశదినముననే అడిగి తెలిసికొనుట తల్లిదండ్రుల పని. సిగ్గుపడవలసినది ఏమియు లేదు. జ్వరము వచ్చినచో డాక్టరు ఎక్కడని అడుగమా?

ఇక గ్రంథాలయపు వంతు. కార్యవర్గమువారి ముందు రెండు కోరికలు ఉంచుచున్నాను.

ప్రవేశముల కాలమున, ప్రతి ఆదివారము, ఈ చదువుగదిలో ఒక బల్ల ఆ పనికే కేటాయింపుడు. ఇదివరకు చదివివచ్చినవారిలో ఇద్దరు అచ్చట కూర్చుండవలెను. ఎవరి పిల్ల ఏ కోర్సులో చేరుచున్నదో, ఏ కాగితము తక్కువయో, ఖాతా సరిగా నున్నదో లేదో చూచి వ్రాసికొనవలెను. దసరాకు, సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఆ పట్టిక మరల తెరచి, సొమ్ము వచ్చెనా, భోజనము సరిగా నున్నదా, నిద్ర పట్టుచున్నదా అని అడుగవలెను. పండుగ ముగిసిన పిదప ఎవరు తిరిగి పోలేదో చూచి, వారి ఇంటికి ఒకరు పోవలెను. ఎర్రసిరా గీత పడకమునుపే పోవలెను.

రెండవది ఒక చిన్న నిధి. పసుపు అమ్మిన రైతు తనకు తోచినంత మార్చి ఏప్రిలు నెలలలో అందులో వేయును. ఆగస్టు, సెప్టెంబరులలో హాస్టలు డిపాజిటునకు, మెస్సు అడ్వాన్సునకు దానినుండి బదులు ఇయ్యవలెను. వడ్డీ లేదు. మరుసటి పసుపు అమ్మినప్పుడు ఆ ఇంటివారు తిరిగి చెల్లింతురు. భూమి లేని ఇంటివారు ఉపకారవేతనము వచ్చినప్పుడు చెల్లింతురు. రానిచో గడువు పెంచవలెను గాని గుమ్మములో నిలిచి అడుగరాదు. పుచ్చుకొన్నవారి పేర్లు కార్యదర్శిగారి ఖాతాలో తప్ప బయట ఎక్కడను కనబడరాదు. నోటీసు బోర్డుమీద అసలే కూడదు. దాతల పేర్లు సైతము చలువరాతిపై చెక్కింపవలదు. ఆ చెక్కుడుకయ్యెడు ఖర్చుతో ఒక పిల్ల నెల భోజనము గడచును.

అధ్యక్షులవారు అనుమతించినచో, ఈ నిధికని కొని తెచ్చిన ఖాతాపుస్తకమును, నా పింఛనులో ఒక నెల మొత్తమును ఇప్పుడే కార్యదర్శిగారికి అందజేసెదను. మొదటి పుటలో నేటి తేది మాత్రము వేసితిని. మిగిలిన పుటలు ఖాళీగా నున్నవి.