సభలో పలికిన మాట రొదలో పోరాదు

(నెల్లూరు తీరప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చిన్నది. గ్రామసభలో మాట్లాడినవారి మాటలను సెల్‌ఫోనులో రికార్డు చేసి ఉంచుట మన పల్లెలలో వాడుకలోనికి వచ్చినది. ఆ రికార్డింగులో మాటతోపాటు గాలి, సముద్రపు హోరు, మోటార్ల మోత కూడ చేరుచున్నవి. ఆ రొదను తగ్గించి మాటను నిలుపుకొనుట ఎట్లు అనునదియే నేటి విషయము.

పంచాయతీకి దీనితో పనియేమి అని మీరు అడుగవచ్చును. సభ తీర్మానములను కార్యదర్శి మినిట్స్ పుస్తకములో వ్రాయుట ఏనాటినుండియో ఉన్నదే. 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ‘సభాసార్’ అను సాధనమును ప్రవేశపెట్టినది. సభ జరుగునపుడు తీసిన ఆడియోను గాని, వీడియోను గాని దానికి అందించినచో, అది మాటలను అక్షరములుగా మార్చి, సభ జరిగిన తీరును సంగ్రహముగా వ్రాసి ఇచ్చును. ‘భాషిణి’ అను జాతీయ భాషా వేదిక ఆధారముగా పనిచేయు ఈ సాధనమునకు తెలుగు కూడ వచ్చును. కాని అది సభలో కూర్చుండి వినలేదు. మనము ఇచ్చిన రికార్డింగులో ఏది ఉన్నదో అదియే దానికి తెలియును.

ఒక్క ఉదాహరణము చాలును. సభలో ఒకరు లేచి ‘అరవై ఇండ్లకు నీళ్లు రావడం లేదు’ అనిరనుకొందము. అదే క్షణమున గాలి విసరి మొదటి అక్షరమును మ్రింగివేసినది. ఇక మిగిలినది ‘రవై ఇండ్లకు’. అది ఇరవైయా, అరవైయా? ఇరవై అని వ్రాయబడినచో నలువది ఇండ్లవారి కష్టము సభలో చెప్పియు చెప్పనట్లే యగును. నష్టపరిహారపు లెక్కలలోను, లబ్ధిదారుల జాబితాలలోను ఇట్టి పొరపాటు ఎంత దూరము పోవునో మీకు మేము చెప్పనక్కరలేదు.

మా పొరపాటు ఒకటి

ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పును మేము చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట కావలికి తూర్పుననున్న ఒక మత్స్యకార పాలెమునకు మేము వెళ్లితిమి. 1989 నవంబరులో ‘గే’ అను పెనుతుఫాను థాయిలాండును దాటి, బంగాళాఖాతము మీదుగా వచ్చి కావలి సమీపమున తీరమును తాకిన సంగతి మీలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ రాత్రి సంగతులను చూచినవారి నోట రికార్డు చేసి, తుఫాను జాగ్రత్తలు చెప్పునపుడు ఇతర పల్లెలలో వినిపింపవలెనని మా తలంపు.

ఒక పెద్దాయన పడవ ప్రక్కన ఇసుకలో కూర్చుండి ముప్పావుగంట సేపు చెప్పెను. నీరు ఏ దిక్కునుండి ఊరిలోనికి వచ్చినది, పిల్లలను ఏ దిబ్బ మీదికి చేర్చినది, ఎవరెవరు వెనుకబడిపోయినది పేరుపేరున చెప్పెను. వెనుక సముద్రము కనబడిన ఫొటో బాగుండునని మేమే ఆయనను అక్కడ కూర్చుండబెట్టితిమి. అది మధ్యాహ్నము మూడు గంటల వేళ. సముద్రపుగాలి బలముగా వీచుచుండెను. ఫోనును నాలుగడుగుల దూరమున ఒక పెట్టె మీద ఉంచితిమి.

ఆఫీసునకు వచ్చి వినగా, హోరు ముందు, మాట వెనుక. సాఫ్ట్‌వేరు ఉన్నది గదా యను ధైర్యముతో రొద తగ్గింపును పెంచుచు పోయితిమి. హోరు తగ్గినది. దానితోపాటు మాటయు కరిగినది. ఆ పెద్దాయన కుండలో నోరుపెట్టి మాట్లాడినట్లు వినబడెను. చెప్పిన పేర్లలో ఒక్కటియు తెలియలేదు. మరల వెళ్లి, ఈసారి ఇంటి లోపల కూర్చుండబెట్టి అడుగగా ఆయన, ‘అప్పుడే చెప్తి గదయ్యా’ అని నాలుగు మాటలలో ముగించెను. గొంతు స్పష్టముగా రికార్డయినది. మొదటిసారి చెప్పిన సంగతులు మాత్రము తిరిగి రాలేదు. నాటినుండి మేము నేర్చుకొన్నది ఇది: రొదను రికార్డింగులోనికి రానీయకుండుటయే ప్రధానము, సాఫ్ట్‌వేరు మిగిలినదానిని సవరించుటకు మాత్రమే.

రొదలన్నియు ఒకటి కావు

మొదటిది ఎడతెగక ఒకే తీరుగా వచ్చు రొద. ఫ్యాను మోత, రొయ్యల గుంటలలో తిరుగు ఏరేటర్ల మోటార్ల మోత, కరెంటు తీగల వలన మైకుసెట్టులో వచ్చు ‘గుయ్’ మను నాదము ఈ జాతివి. మన దేశములో కరెంటు సెకనుకు 50 ఆవృత్తములతో నడచుటచే ఆ నాదము 50, 100, 150 కంపనముల వద్ద వినబడును. ఈ జాతి రొదను సాఫ్ట్‌వేరు చక్కగా పట్టుకొనగలదు.

రెండవది గాలి. గాలి మైకు రంధ్రము మీద తగిలి సుడులు తిరిగినపుడు, ఆ ఒత్తిడి మార్పులనే మైకు ‘గుబగుబ’ యను చప్పుడుగా గ్రహించును. అది ఎక్కువగా మంద్ర స్థాయిలో నుండును. అయితే గాలి విసురు మరీ గట్టిదైనచో రికార్డింగు పట్టగల మేరకు మించి, మాట రూపమే చెడును. అట్లు చెడినదానిని ఏ సాఫ్ట్‌వేరును పూర్తిగా బాగుచేయలేదు.

మూడవది అలల హోరు, సంతలోని కలకలము, ప్రక్కవారి మాటలు. ఇవి మనిషి గొంతు ఉన్న స్థాయిలలోనే ఉండును, క్షణక్షణము మారును. వీనిని మాటనుండి వేరుచేయుట మిక్కిలి కష్టము.

రికార్డు చేయుటకు ముందు

కనుక ముందుగా చేయవలసిన పనులను చూతము. వీనికి పైసా ఖర్చు లేదు.

వేళను చూచుకొనుడు. మన తీరమున ఎండ ముదిరిన పిదప సముద్రపుగాలి లేచి, మధ్యాహ్నము బలపడును. ఉదయపు వేళ సాధారణముగా నెమ్మది. పెద్దల జ్ఞాపకములను గాని, తుఫాను హెచ్చరిక ప్రకటనలను గాని రికార్డు చేయునపుడు ఉదయమును ఎంచుకొనవచ్చును. సభ వేళ మన చేతిలో లేనప్పుడు చోటునైన ఎంచుకొనవచ్చును. పాఠశాల భవనమునకు పడమటి ప్రక్కన కూర్చున్నచో తూర్పుగాలికి గోడయే అడ్డు. జనరేటరును భవనమునకు అవతలి ప్రక్కన పెట్టింపుడు.

దూరమును తగ్గింపుడు. ఇది అన్నిటికంటె ముఖ్యము. ఆరుబయట మాట్లాడువానికిని మైకునకును నడుమ దూరము సగమైనచో, మాట 6 డెసిబెల్ బలముగా చేరును. చుట్టునున్న రొద మాత్రము పెరుగదు. నాలుగడుగులనుండి రెండడుగులకు, రెండడుగులనుండి ఒక అడుగునకు జరిపినచో మొత్తము 12 డెసిబెల్ లాభము. సాఫ్ట్‌వేరుతో 12 డెసిబెల్ రొదను తగ్గింపబోయినచో మాటకు కొంత హాని కలుగవచ్చును. ఫోనును మూడడుగులు ముందుకు జరిపినచో ఏ హానియు లేదు. సభలో ఫోనును అధ్యక్షుని బల్లమీద వదలక, ఒక యువకునికిచ్చి మాట్లాడువారి వద్దకు పంపుడు.

మైకునకు స్పాంజి తొడుగు వేయుడు. అది లేనిచో పలుచని గుడ్డను ఒక మడత వదులుగా కప్పినను గాలి తాకిడి కొంత తగ్గును. ఫోను పట్టుకొనువారి వ్రేలు మైకు రంధ్రమును మూయకుండ చూచుకొనుడు. లౌడుస్పీకరుకు ఎదురుగా ఫోనును పెట్టరాదు.

సభ మొదలుపెట్టుటకు ముందు అందరిని పది సెకనులు మౌనముగా నుండుడని కోరి, ఆ మౌనమును రికార్డు చేయుడు. ఇది దేనికో ఇప్పుడు చెప్పెదము.

సాఫ్ట్‌వేరు పనిచేయు తీరు

ఉచితముగా లభించు సాఫ్ట్‌వేర్లలో పేరుపొందినది ‘ఆడాసిటీ’. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో 1999లో ప్రారంభమై, 2000లో అందరికి అందినది. పంచాయతీ కంప్యూటరులో దానిని పెట్టుకొనవచ్చును.

రొదను కొలిచి, దానిని మొత్తమునుండి తీసివేయు పద్ధతిని 1979లో స్టీవెన్ బోల్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. నేటి సాధనములు ఆ త్రోవలో వచ్చినవే. పద్ధతి ఇది: మాట లేని చోట, అనగా మన పది సెకనుల మౌనములో, ఏ స్థాయిలో ఎంత రొద ఉన్నదో సాఫ్ట్‌వేరు కొలుచుకొనును. తరువాత రికార్డింగునంతయు చిన్న చిన్న తునకలుగా చేసి, ఒక్కొక్క తునకలో ఏ స్థాయి ధ్వని ఆ కొలతను మించలేదో దానిని మాత్రము తగ్గించును. కొలతను మించినది మాట యని తలచి వదలివేయును.

మనము కళ్లములో వడ్లు తూర్పారబట్టుటయు ఇట్టిదే. గాలి మితముగా నున్న తాలు ఎగిరిపోయి గింజ నిలుచును. గాలి మించినచో గింజయు తాలుతో పోవును. మాటలో తేలిక గింజలు స, ష, త, చ వంటి హల్లులు. ఇవి బలహీనమైనవి. మొదట ఎగిరిపోవునవి ఇవియే.

చేయవలసిన క్రమమును చెప్పెదము. మొదట ‘హై పాస్ ఫిల్టర్’ అనుదానితో 80 కంపనములకు క్రిందినున్న మంద్ర ధ్వనిని తగ్గింపుడు. పురుషుని గొంతు మూలస్వరము సుమారు 85 నుండి 180 కంపనముల వరకు, స్త్రీ గొంతు 165 నుండి 255 వరకు ఉండును గనుక మాటకు నష్టము లేదు. గాలి గుబగుబ చాలవరకు పోవును. పిమ్మట మౌనమున్న భాగమును ఎంచి, ‘నాయిస్ రిడక్షన్’లో ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ అనుదానిని నొక్కుడు. తరువాత రికార్డింగునంతయు ఎంచి, తగ్గింపును 6 డెసిబెల్ వద్ద పెట్టి వినుడు. చాలనిచో 12 వరకు పోవుడు. అచ్చటనే ‘రెసిడ్యూ’ అను ఏర్పాటు కలదు. దానిని ఎంచినచో, తీసివేయబడుచున్నదేమో అది మాత్రము వినబడును. అందులో మనిషి మాట వినబడినచో గింజలు పోవుచున్నవని గ్రహించి తగ్గింపుడు.

రొదను, మాటను లక్షలాది నమూనాలతో నేర్చుకొని వేరుచేయు కొత్త సాధనములును వచ్చినవి. మోజిల్లా సంస్థ 2017లో వెలువరించిన ‘ఆర్‌ఎన్‌నాయిస్’ అట్టిది. మారుచుండు రొదను కూడ ఇవి పట్టగలవు. కాని దూరమునుండి సన్నగా వినబడు గొంతును ఇవి రొదగా ఎంచి తుడిచివేయు అవకాశము కలదు. సభలో వెనుక వరుసన కూర్చుండి, లేచి నిలువకయే మెల్లగా ఒక మాట అను స్త్రీలు ప్రతి పల్లెలో కలరు. వారి మాటయే ముందుగా పోవును. కనుక జాగ్రత్త అవసరము.

పంచాయతీ పాటింపవలసిన నియమములు

అసలు రికార్డింగును ఎన్నడును మార్చరాదు, చెరపరాదు. దానిని ‘వేవ్’ రూపములో, తేదీ వేసి భద్రపరచుడు. సవరణలన్నియు ప్రతిమీదనే చేయుడు. వాట్సాప్‌లో పంపవలసివచ్చినచో డాక్యుమెంటుగా పంపుడు. లేనిచో ధ్వని మరింత కుదించబడవచ్చును.

సభాసార్ వంటి సాధనమునకు ఇచ్చుటకు ముందు అసలును, సవరించినదానిని రెండింటిని వినుడు. మన చెవికి ఇంపుగా నున్నది యంత్రమునకు స్పష్టముగా నుండునని నమ్మకము లేదు.

పేర్లు, అంకెలు వచ్చినపుడు అధ్యక్షులు వానిని గట్టిగా తిరిగి పలుకవలెను: ‘అరవై, అనగా ఆరు పదులు.’ ఈ చిన్న అలవాటు ఏ సాఫ్ట్‌వేరును చేయలేని మేలు చేయును.

యంత్రము వ్రాసిన సంగ్రహమును అట్లే సంతకము చేయక, సభవారికి చదివి వినిపింపుడు. ‘నేను చెప్పినది ఇందులో లేదు’ అని ఎవరైన అన్నచో, అసలు రికార్డింగును తీసి అందరి ఎదుట వినుడు. అంతటను తెలియనిచో ఆ మనిషినే మరల అడుగుడు.

వచ్చు గ్రామసభలో రెండు పనులు చేయుడని మా మనవి. మొదట పది సెకనుల మౌనము. పిదప ఫోనును వెనుక వరుసకు కూడ పంపుట. సభ ముగిసిన పిదప, మరునాడు ఆ రికార్డింగును ఒకసారి మీరే వినుడు. వెనుక కూర్చున్నవారి మాట మీకు తెలిసినచో మీ ఏర్పాటు సరియైనదని గ్రహింపవచ్చును.