శిబిరం చాకుకు ఏ ఉక్కు మేలు?



ఎన్.సి.సి.లోనో స్కౌట్స్‌లోనో చేరినవారికి శిబిరంలో చాకుతో ఎన్ని పనులుంటాయో తెలుసు. తాడు కోయాలి, గుడారానికి మేకులు చెక్కాలి, ఎండుకొమ్మలు చీల్చాలి, కూరగాయలు తరగాలి. ఈ పనులన్నీ చేసే చాకును ఏ ఉక్కుతో చేయాలి? ఈనాటి పాఠంలో దీన్ని గురించి తెలుసుకుందాం.

ముందుగా మిమ్మల్ని ఛత్తీస్‌గఢ్‌లోని సిల్తారాకు తీసుకువెళ్తాను. రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రహదారిలో ఉన్న పారిశ్రామిక వాడ ఇది. స్పాంజ్ ఐరన్ కొలుములు, విద్యుత్ కొలుములు, కడ్డీలు సాగదీసే మిల్లులు ఇక్కడ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఇంత ఇనుము తయారయ్యే చోట ఒక కడ్డీ ముక్క తీసుకుని సాగగొట్టి చాకు చేసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చేసుకోవచ్చు. కానీ ఆ చాకు రెండు కొమ్మలు చెక్కేసరికి మొద్దుబారిపోతుంది. కారణం తెలియాలంటే ఆ కడ్డీ ఎలా తయారైందో చూడాలి.

ముడి ఖనిజంలో ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఉంటుంది. సిల్తారాలోని కొలుముల్లో ఖనిజాన్ని, బొగ్గును, కొద్దిగా డోలమైట్‌ను కలిపి, నెమ్మదిగా తిరిగే పొడవాటి గొట్టంలో సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి కాబట్టి ఇక్కడ అది కరగదు. ప్రాణవాయువు మాత్రం బయటికి పోతుంది. అది పోయినచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. అందుకే దీనికి స్పాంజ్ ఐరన్ అని పేరు. మన దేశంలో తొలి స్పాంజ్ ఐరన్ కర్మాగారం పాల్వంచలో వెలిసింది. 1980లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. నేడు ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువగా స్పాంజ్ ఐరన్ చేసేది మనమే.

అయితే ఈ సూత్రం కొత్తదేమీ కాదు. మధ్య భారతంలోని అగరియా గిరిజనులు మట్టి కొలిమిలో ఖనిజం, కట్టెబొగ్గు పోసి, తిత్తులు ఊది, కరగని ఇనుప ముద్దను తీసేవారు. వారి జీవితం మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక గ్రంథమే ప్రచురించారు. ఖనిజాన్ని కరిగించకుండా ప్రాణవాయువును తీసివేయడమే అక్కడా ఇక్కడా జరిగే పని.

స్పాంజ్ ఐరన్‌ను పాత ఇనుముతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగించి, దిమ్మెలుగా పోసి, ఇళ్ళు కట్టే చువ్వలుగా సాగదీస్తారు. ఆ చువ్వలో కర్బనం నూటికి 0.3 పాళ్ళకు మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. భూకంపం వచ్చినా చువ్వ వంగాలే తప్ప విరగకూడదు. కర్బనం తక్కువగా ఉంటేనే ఆ గుణం వస్తుంది. ఇంటికి మేలు చేసిన ఆ గుణమే చాకుకు లోపమవుతుంది.

ఉక్కుకు గట్టిదనం ఇచ్చేది ప్రధానంగా కర్బనమే. ఎర్రగా కాగిన ఉక్కులో కర్బన పరమాణువులు ఇనుములో కరిగి ఉంటాయి. దాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే, బయటికి పోవడానికి వ్యవధి లేక అవి లోపలే చిక్కుకుపోతాయి. ఇనుప స్ఫటికం బిగుసుకుని ఉక్కు గట్టిపడుతుంది. ఇందుకు నూటికి అర పాలైనా కర్బనం ఉంటే మంచిది. చువ్వలో అంత ఉండదు. టి.ఎం.టి. చువ్వను నీటితో చల్లబరిచి గట్టిపరుస్తారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ గట్టిపడేది పైపొర. లోపలి భాగం మెత్తగానే ఉంటుంది. పైపొరలో కూడా కర్బనం తక్కువే కాబట్టి చాకు అంచుకు కావలసిన గట్టిదనం రాదు.

అలాగని కర్బనం ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కాదు. ఆకురాయిని చూడండి. అందులో కర్బనం సుమారు 1.2 పాళ్ళు. ఇనుమును సైతం అరగదీస్తుంది. రాతి నేలమీద పడితే మాత్రం పుటుక్కున విరిగిపోవచ్చు. గట్టిదనం పెరిగేకొద్దీ పెళుసుదనం కూడా పెరుగుతుంది. కాబట్టి చాకు ఉక్కులో మనం నాలుగు గుణాలు చూడాలి. అంచు త్వరగా అరగకూడదు. దెబ్బకు విరగకూడదు. తుప్పును తట్టుకోవాలి. మొద్దుబారితే మనమే సానపట్టుకోగలగాలి. ఈ నాలుగూ పూర్తిగా ఉన్న ఉక్కు లేదు. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది.

మన ఊరి కమ్మరి ఈ లెక్కను అనుభవంతో తెలుసుకున్నాడు. మచ్చుకత్తి కావాలంటే లారీ కమాను పట్టీ తెమ్మంటాడు. అందులో కర్బనం 0.5 నుంచి 0.6 పాళ్ళు. దానితోపాటు సిలికానో క్రోమియమో ఉంటుంది. లక్షల కుదుపులు ఓర్చుకోవడానికి చేసిన ఉక్కు అది. కొలిమిలో అయస్కాంతానికి అంటుకోని స్థితి దాటేదాకా, అంటే సుమారు 770 డిగ్రీలు దాటి ఇంకొంత వేడిచేసి, నూనెలో ముంచుతాడు. ఆ తరువాత మళ్ళీ సన్నని వేడి చూపి పెళుసుదనం తగ్గిస్తాడు. రుద్ది మెరిపించిన ఉక్కు మీద గడ్డి రంగు కనిపిస్తే 200 డిగ్రీలు దాటిందని, నీలం రంగు వస్తే 300కు దగ్గరైందని గుర్తు. ఈ రెండో వేడి సరిగా ఇవ్వకపోతే ఎంత మంచి ఉక్కయినా పనికిరాదు. పాత పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళు ఉండవచ్చు. కనుక నమ్మకమైన పనివాడి దగ్గరే చేయించాలి.

ఇక తుప్పు పట్టని ఉక్కు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ దీన్ని వెలుగులోకి తెచ్చాడు. క్రోమియం నూటికి పదిన్నర పాళ్ళు దాటితే ఉక్కుమీద కంటికి కనిపించని రక్షణ పొర ఏర్పడుతుంది. చాకుల్లో సాధారణంగా 13 పాళ్ళో అంతకుమించో కలుపుతారు. కానీ స్టెయిన్‌లెస్ అంతా ఒకటి కాదు. మన ఇంటి గిన్నెల్లో ఎక్కువభాగం నికెల్ కలిసినవి. వేడిచేసి ముంచినా అవి గట్టిపడవు. అయస్కాంతం ఆనించి చూడండి, చాలా గిన్నెలు అంటుకోవు. గట్టిపడే రకం చాకులు అంటుకుంటాయి. అంటుకున్నంత మాత్రాన మంచి చాకు అని కాదు. అంటుకోకపోతే మాత్రం అనుమానించండి.

ఈ విద్యలో తెలుగు నేలకు పెద్ద పేరుంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి ఉక్కు చేసేవారు. దానికోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. ఈ సంగతి హెన్రీ వాయ్‌సీ రాసిన, 1832లో అచ్చయిన వ్యాసంలో ఉంది. ఆంగ్లంలోని ‘వూట్జ్’ అనే మాట మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును పరీక్షించి, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్టుతో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు చేశాడు. ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలే ఆ కత్తుల మీది అలల గీతలకు మూలమని 1998లో అమెరికా పరిశోధకులు ప్రతిపాదించారు. ఉక్కులో లేశమాత్రంగా కలిసినది కూడా ఫలితాన్ని మార్చేస్తుందని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇప్పుడు ఎంపికకు వద్దాం. మీ శిబిరం సముద్రతీరంలోనో వానకాలంలోనో అయితే, చాకు ముఖ్యంగా కోతకు, వంటకు అయితే, గట్టిపరచిన స్టెయిన్‌లెస్ తీసుకోండి. కొమ్మలు నరకడం, కట్టెలు చీల్చడం ముఖ్యమైతే కమాను పట్టీ వంటి ఉక్కు మేలు. వాడిన తరువాత తుడిచి, పలుచగా నూనె రాస్తే అది తుప్పు పట్టదు. కాఠిన్యాన్ని కొలిచే రాక్‌వెల్ సి సూచీలో 55 నుంచి 58 దాకా ఉంటే శిబిరపు పనికి సరిపోతుంది. ఆకురాయిలా 60 దాటినది సానకు లొంగదు, దెబ్బకు పెచ్చులూడుతుంది. రేకుమీద చెక్కిన పేరును చూసి మోసపోవద్దు. కర్బనం ఎంత, ఎలా వేడిచేశారు అని అడగండి. చెప్పలేని దుకాణంలో కొనవద్దు.

ఒక జాగ్రత్త. అడవిలో చాకు విరిగితే ఎగిరిన ముక్క కంటికి తగలవచ్చు. మొద్దు చాకును బలంగా నొక్కితే అది జారి చేతిని కోస్తుంది. అందుకే సరైన ఉక్కును ఎంచుకోవడం మన రక్షణకు సంబంధించిన విషయం. పని లేనప్పుడు చాకు ఒరలో, శిబిరాధికారి అదుపులో ఉండాలి.

మీ ఊళ్ళో కమ్మరి కొలిమి ఉంటే ఒకసారి వెళ్ళండి. కళ్ళద్దాలు పెట్టుకుని, దూరంగా నిలబడి, సాన చక్రం మీద చువ్వ ముక్కను, ఆకురాయి ముక్కను ఒకదాని తరువాత ఒకటి ఆనించమని అడగండి. చువ్వ నుంచి రవ్వలు పొడవుగా, గీతల్లా వస్తాయి. ఆకురాయి నుంచి వచ్చే రవ్వలు చివర పువ్వుల్లా పగులుతాయి. ఆ తేడాకు కారణం కర్బనం. చూసినదాన్ని మీ నోటు పుస్తకంలో బొమ్మ వేసి రాసుకోండి. సెలవు.