సూది వేశాక ఏం జరిగింది?



ఇవాళ పట్టాలు అందుకుంటున్న పశువైద్యులారా, ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుంటుతున్న ఎద్దుకీ, జ్వరంతో మేత మానేసిన గేదెకీ డైక్లోఫెనాక్ సూది వేసేవాణ్ని. చవక మందు. తెల్లారేసరికి పశువు లేచేది, రైతు దణ్ణం పెట్టేవాడు. మందు పనిచేయకపోతే ఎందుకా అని పుస్తకాలు తిరగేశాను గానీ, పనిచేసినప్పుడు ఒక్కసారీ తిరగెయ్యలేదు.

అవే రోజుల్లో రాబందులు రాలిపోతున్నాయి. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. కోసి చూస్తే లోపలి అవయవాల మీద సుద్ద పూసినట్టు యూరిక్ ఆమ్లం. అంటే కిడ్నీలు చెడ్డాయి. సరే, చెడగొట్టింది ఏది? పాకిస్తాన్‌లో పరిశోధకుడు లిండ్సే ఓక్స్ బృందం వైరస్‌లు వెతికింది, పురుగుమందులు వెతికింది, దొరకలేదు. అప్పుడు ప్రశ్న మార్చారు. రాబందు తినేది పశువు కళేబరం కదా, ఆ పశువుకి మనం ఏం వేశాం? కిడ్నీలు చెడి చచ్చిన 25 పక్షుల్లోనూ డైక్లోఫెనాక్ ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో లేదు. అక్కడితో ఆగితే అది అనుమానమే. మందు వేసిన పశువు మాంసం రాబందులకు పెట్టి చూశారు. చాలావరకు చచ్చాయి, మందు ఎక్కువ తిన్నవి మరీను.

2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2006లో మన దేశం పశువులకు ఆ మందు నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు మాత్రం దొడ్లలోకి వస్తూనే ఉన్నాయి. 2015లో వాటిని 3 మిల్లీలీటర్లకు కుదించాల్సి వచ్చింది.

ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడని లెక్క ఒకటుంది. కళేబరాల్లో నూటికి ఒకటి కంటే తక్కువ వాటిలో మందు ఉన్నా ఇంత నాశనం జరిగిపోతుందట. గుంపు గుంపంతా ఒకే కళేబరం మీద వాలుతుంది మరి! నేను వేసినవి ఎన్ని సూదులులే అనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

రాబందుకి హాని చేయని మెలాక్సికామ్ అనే మందు మీ చేతిలో ఉంది. రేపు పశువైద్యశాలలో కూర్చున్నాక రిజిస్టరులో మందు పేరు, మోతాదు, తేదీ రాయండి. వైద్యం చేసిన పశువు చనిపోతే, పూడ్చారో ఊరి బయట పారేశారో రైతును అడిగి, అదీ రాయండి.